యాభై ఒక్క పూతలు

ముదిగుబ్బ,
9 ఫిబ్రవరి 2025, ఆదివారం.

ఇంద్రాణీ,

నేను క్షేమం. కుడి మోకాలు మాత్రం క్షేమం కాదు, కారణం కింద రాస్తాను. నువ్వు పదకొండో ఏట హాస్టలుకు పోయిన రోజున మనం పెట్టుకున్న నియమం గుర్తుందనుకుంటాను: జ్వరమొస్తే ఫోను, తక్కినదంతా ఉత్తరం. నీకు ఇరవై ఏడేళ్ళు వచ్చినంత మాత్రాన నియమం మారదు. ఫోన్లో అన్న మాటను మర్నాటికి ఎవరికి అనుకూలంగా వాళ్ళు మార్చుకుంటారు. మీ నాయన అందులో దిట్ట.

మీ నాయన సంగతే ముందు చెప్పాలి. గుట్ట కింది పదెకరాల చేను సోలార్ కంపెనీకి ఇవ్వాలని రాఘవేంద్ర నిర్ణయించాడు. చుట్టుపక్కల చేలన్నీ ఇచ్చేశారు. వేరుశనగ వేసి ప్రతి ఏడూ ఆకాశం వైపు చూడటం కన్నా ఇది మేలంటాడు. ఆ మాటలో తప్పు లేదు, అందుకే కాదనలేదు. మీ తాత పోయాక చేను నా పేరున ఉంది కాబట్టి నా సంతకం కావాలి. జూన్ నెలాఖరు గడువు. సంతకం పెడతాను గానీ పుల్లన్న రాయి ఉన్నచోటి నుంచి కదలకూడదు అన్నాను.

"చేను నడిమధ్యన రాయి పెట్టుకుంటే వాళ్ళు పలకలు యాడ పరుస్తారమ్మా? తీసకపోయి బస్టాండు కాడ దిమ్మె కట్టి నిలబెడదాం. దండ ఏస్తాం. పదిమందీ చూస్తారు," అన్నాడు.

ఆయన మన వంశంలో ఏడు తరాల కిందటివాడు, యుద్ధంలో ప్రాణం ఇచ్చినవాడు, ఆయన రాయి బస్టాండులో ఉండే రాయి కాదు అన్నాను.

"ఏ యుద్ధం? యాడ జరిగింది? నువ్వు టీచరు గదా, రుజువు చూపీ. చూపితే ఆ రాయి చుట్టూ ఎకరా వదిలిపెట్టమని నేనే కంపెనీతో కొట్లాడతా. లేదంటే బస్టాండే."

ముప్పయి ఆరేళ్ళు సాంఘికశాస్త్రం చెప్పిన నన్ను రుజువు అడిగాడు. అడగవలసిన ప్రశ్నే. ఇన్నేళ్ళూ నేనెందుకు అడగలేదో తెలియడం లేదు. కాబట్టి పోయిన గురువారం రెండు బస్సులు మారి పెనుకొండ పోయాను. మన పుల్లన్న పెనుకొండ దగ్గర పోయాడని మీ ముత్తాత చెప్పేవాడు.

మెట్లు లెక్కపెడుతూ ఎక్కాను. ఆరు వందల పదహారు వరకు సరిగ్గా వచ్చింది. తర్వాత మెట్టేదో బండేదో తెలియక ఆపేశాను. తప్పు లెక్క రాసుకోవడం కన్నా లెక్క లేకపోవడం మేలు. పైన గోడ కూలిన చోట నిలబడి చూశాను. ఈ కోటను నేను ముప్పయి ఆరు తరగతులకు సుద్దముక్కతో నల్లబల్ల మీద గీసి చూపించాను, ఇంద్రాణీ. జానెడు గీసేదాన్ని. ఇక్కడ ఒక్కొక్క బండ మన వంటింటి అంత ఉంది, ఒకదాని బరువు మీద ఒకటి ఊపిరి బిగబట్టి నిలబడి ఉంది. హంపి పోయాక మిగిలిన రాజ్యమంతా ఈ కొండ దగ్గరికొచ్చి తలదాచుకున్నది. కింద కనుచూపుమేరా ఎర్రనేల. గాలి చప్పుడు తప్ప ఏమీ లేదు. నీళ్ళ సీసా మూత తీసి, తాగడం మరచి, ఎంతసేపు పట్టుకుని నిలబడ్డానో తెలియదు. గడియారం చూసుకోలేదు. నేను గడియారం చూసుకోకపోవడం నీకు తెలిసినంతలో ఇదే మొదటిసారి.

పుల్లన్న జాడ మాత్రం లేదు. దిగేటప్పుడు మజ్జిగ అమ్మే బయమ్మ అనే ఆమె అడిగింది: "ఏమమ్మా, ఈ వయసులో ఎవురిని ఎతుక్కుంటా ఎక్కినావు?"

"మా పూర్వీకుణ్ణి."

"దొరికినాడా?"

"లేదు."

"నా మొగుడూ అంతే. పొద్దున కొండెక్కితే సందేళకి గానీ దొరకడు."

నువ్వు పాత శిల్పాలు శుభ్రంచేసి బొమ్మలు గీసే పనిలో ఉన్నావు కాబట్టి రాయి కొలతలు పంపుతున్నాను. ఎత్తు మూడడుగుల పది అంగుళాలు, వెడల్పు రెండడుగులు. ముందువైపు సున్నం. వెనుకవైపు చెక్కని గరుకు బండ, వానకు చిందిన ఎర్రమట్టి మరకలు. ఇటువంటివాటిని వీరగల్లు అంటారని నువ్వే చెప్పావు. ఎవరి యుద్ధమో చెప్పగలవా? మన చేను చేసే అక్కమ్మ కూడా నిన్న అడిగింది, "అమ్మా, రాయి పోతాదా?" అని. పని పోతుందని బెంగ కాబోలు.

నీ అవ్వ,
సుబ్బరత్నమ్మ


హంపి శిబిరం,
21 ఫిబ్రవరి 2025.

అవ్వా,

నీ ఉత్తరం చదివి ముందు నీ మోకాలి మీద కోపం వచ్చింది, తర్వాత నీ మీద. పెనుకొండ ఒక్కదానివే ఎక్కావా? పుట్టపర్తిలో డాక్టరుకు చూపించు. చూపించానని రాయడం కాదు, నిజంగా చూపించు.

ఇక్కడ రోజుకు పది గంటలు రాళ్ళ ముందు కూచుంటాం. మొన్న ఒక మండపం స్తంభానికి పట్టిన మసి తడిగుడ్డతో తుడుస్తుంటే మసి కింద నుంచి ఒక ఏనుగు కన్ను బయటపడింది. అయిదు వందల ఏళ్ళ కన్ను. అది నన్ను చూసినట్టే అనిపించి చేయి వెనక్కి తీసుకున్నాను. నా పక్కనున్నతను నవ్వాడు గానీ తర్వాత తనూ వంగి చూశాడు.

అందుకే చెబుతున్నాను. నువ్వు కొండ తర్వాత కొండ ఎక్కనవసరం లేదు. నీ జవాబు నీ చేలోనే ఉంది. వీరగల్లు మీద ఆయన ఎట్లా చనిపోయాడో చెక్కి ఉంటుంది. గుర్రమా, కత్తా, ఎదుట ఎవరు, అన్నీ. మన రాయి మీద ఏమీ కనిపించకపోవడానికి కారణం మనం ఏటా పూసే సున్నం. దాన్ని తీయాలి. ఒప్పుకుంటే నేను తీస్తాను.

నాయన చెప్పింది కూడా పూర్తిగా తప్పు కాదనుకుంటాను. బస్టాండు దగ్గరైతే కనీసం పైన ఒక కప్పు కట్టించవచ్చు.

ఇంద్రాణి


ముదిగుబ్బ,
6 మార్చి 2025.

ఇంద్రాణీ,

నీ ఉత్తరంలో సిరా మరక ఉంది. మరక పడితే తిరగరాయాలని నీకు ఆరో తరగతిలో నేర్పాను. అది చిన్న విషయం. పెద్ద విషయం, నువ్వు మీ నాయన పక్షం చేరావు.

సున్నం తీయాలని ఒక్క వాక్యంలో రాసేశావు. ఆ సున్నం ఏమిటో నీకు తెలియదా? తొలి వాన పడ్డాక, చేలో విత్తనపు గొర్రు దిగకముందు, ఇంటి పెద్ద ఆ రాయికి ఒక పూత పూయాలి. వాన రాక విత్తనం పడని ఏడు పూత లేదు. నేను కాపురానికొచ్చిన మరుసటి ఏడు, 1975 నుంచి, ప్రతి పూతా నా పుస్తకంలో తేదీతో ఉంది. అంతకు ముందువి 1965 దాకా మా అత్తగారు చెప్పగా రాసుకున్నాను. ఇంకా వెనకటివి ఆమె చెప్పలేదు, ఎన్నని చెబుతుంది, అవి మూడు వందల ఏళ్ళవి.

మీ తాత చివరి పూత 2019 జూన్ 24న. అప్పటికే ఆయన చేయి వణికేది. సున్నంలో నీలిమందు కలిపాడు, ఇంకా తెల్లగా వస్తుందట. నలభై నాలుగేళ్ళ అలవాటును ఎందుకు చెడగొడతారని చేలోనే మందలించాను. "ఆయప్ప యుద్ధానికి పోయినోడు, పండక్కి తెల్లగుడ్డ కట్టనీవే," అన్నాడు. సెప్టెంబరులో పోయాడు. ఆ తర్వాతవి నావి నాలుగు, 2023లో వాన లేదు. అంటే పైనుంచి అయిదోది ఆయనది. దాన్ని గీకెయ్యమంటున్నావు.

నేను నీమాట వినలేదు. పోయిన శుక్రవారం గుత్తి పోయాను.

గుత్తి కోట గురించి ఏం రాయాలో రెండు రోజులు ఆలోచించాను. కొండను శంఖంలా చుట్టుకుంటూ గోడలు పైకి పోతాయి. ఒక ద్వారం దాటామనుకుంటే ఇంకోటి. పైన లోయ అంచున ఈ కోటనేలిన మురారి రావు కూర్చునే చిన్న మండపం ఉంది. నున్నటి గచ్చు. అందులో నుంచి చూస్తే భూమి గుండ్రమన్న సంగతి పుస్తకం లేకుండానే తెలుస్తుంది. మేకలు తోలుకొచ్చిన కుళ్ళాయప్ప అనే ఆయన నాకు చేయి ఆసరా ఇచ్చాడు. దారిలో ఎండిన బావులు చూపించాడు. నేను లెక్కపెట్టినవి పద్నాలుగు.

"ఫిరంగులు గాదమ్మా ఈ కోటను పడగొట్టింది," అన్నాడు. "హైదరు దండు కింద కాసుకోనుండె. పైన బాయిల్లో నీళ్ళయిపోయినాయి. అంతే, దిగొచ్చిరి."

ఈ సంగతి నేనూ పాఠంగా చెప్పాను. కానీ ఆ బావి గట్టు మీద చేయి పెట్టి లోపలికి చూసినప్పుడు గానీ దాని అర్థం తెలియలేదు. అంత కోట. ఏనుగులు పట్టే ద్వారాలు. కడవెడు నీళ్ళ దగ్గర ఓడిపోయింది.

"మన ఊర్లూ ఇట్లే గదమ్మా ఓడిపోతాండేది," అన్నాడాయన. 

పుల్లన్న ఇక్కడా దొరకలేదు. వచ్చే నెల మడకశిర పోతాను, రత్నగిరి కోట చూడటానికి. రాయిని ముట్టుకోవద్దు.

అవ్వ


రక్కసగి, కృష్ణ ఒడ్డు,
2 ఏప్రిల్ 2025.

అవ్వా,

నేను ఎవరి పక్షమూ చేరలేదు. తాత పూత సంగతి తెలియక రాశాను. క్షమించు. ఈ ఉత్తరం రెండోసారి రాస్తున్నది, మొదటి దానిమీద మరక పడింది.

నువ్వు పాఠం చెప్పేదానివి చూడు, 1565, రక్కసగి తంగడగి, విజయనగరం కూలిన యుద్ధం. ఆ రెండు ఊళ్ళ మధ్య నిలబడ్డాను. సర్వేకు దగ్గరికొచ్చాం, బండి దిగి నడిచాను. అవ్వా, ఇక్కడ ఏమీ లేదు. నేను తిరిగినంతలో ఒక స్తంభం లేదు, పలక లేదు. జొన్న కోసిన మోళ్ళు. ఒకాయన నాగలితో దున్నుతున్నాడు, కొంగలు వెనకే పోతున్నాయి. యుద్ధం సరిగ్గా ఈ చోటే జరిగిందా, ఇంకాస్త అవతలా అని ఇప్పటికీ వాదనలున్నాయట.

హంపిలో అంత రాయి చూసినప్పుడు రాని భయం ఇక్కడ ఈ ఖాళీ చూస్తే వచ్చింది. లక్షలమంది వచ్చి ఉంటారు. పేర్లున్నవాళ్ళు పదిమంది. తక్కినవాళ్ళంతా ఈ నల్లమట్టిలో ఎక్కడో ఉన్నారు, కొంగలు వాళ్ళ మీద నడుస్తున్నాయి. చెప్పులు విప్పి నడిచాను. ఎందుకు విప్పానో దున్నుతున్నాయన అడగలేదు, ఆయన కూడా విప్పే ఉన్నాడు.

అక్కడ అనుకున్నాను. ఒక మనిషికి ఒక రాయి మిగలడం, అదీ ఆయనవాళ్ళు నిలబెట్టిన చోటే మిగలడం ఎంత అరుదో. నువ్వు చెప్పేది నిజం, దాన్ని కదపకూడదు. కానీ ఆయనెవరో తెలియకుండా ఎట్లా కాపాడతావు? పన్నెండో తేదీ బెంగళూరు పోతూ ముదిగుబ్బలో దిగుతాను. మాట్లాడుకుందాం.

ఇంద్రాణి


ముదిగుబ్బ,
18 ఏప్రిల్ 2025.

ఇంద్రాణీ,

ఈ ఉత్తరం చిన్నది. మడకశిర నుంచి పదహారున వచ్చాను, ఆరు రోజులున్నాను. నువ్వు దిగుతానన్న ఉత్తరం ఇంటికొచ్చాకే చూశాను. అది ఇప్పుడు ముఖ్యం కాదు.

రాయి పగిలింది. కుడి అంచున, కింది నుంచి పదిహేను అంగుళాల ఎత్తులో, గోరంత పెచ్చు లేదు. రాయి దాకా తెగింది. నేను లేని సమయం చూసి కంపెనీ మనుషుల్ని తీసుకొచ్చి మీ నాయన గునపం వేయించాడు. అడిగితే తల దించుకుని "నువ్వనుకుండేది కాదులేమ్మా" అంటాడు, ఇంకొక మాట లేదు. పంచాయతీ ఎన్నికల్లో ఊరంతా మాట్లాడేవాడికి ఇంట్లో మాట రాలేదు.

వాడితో మాటలు మానేశాను. అన్నం పెడతాను, మాట్లాడను. సంతకం కూడా పెట్టను.

అవ్వ


బెంగళూరు,
27 ఏప్రిల్ 2025.

అవ్వా,

ఆ పెచ్చు తీసింది నేను.

పన్నెండున వచ్చాను. ఇల్లు తాళం. నాయన చేనికి తీసుకుపోయాడు. నేనే అడిగాను, ఒక్క గోరంత తీస్తాను, ఫలితం తెలిసేదాకా అవ్వకు చెప్పొద్దు, నేనే రాస్తాను అని. "మీ అవ్వ నన్ను తిట్టిపోస్తుంది," అన్నాడు. "తిడితే పడు," అన్నాను. పడ్డాడు. ఆయనతో మాట్లాడు.

ఇప్పుడు జాగ్రత్తగా చదువు. ఆ పెచ్చును నిలువుగా నిలబెట్టి భూతద్దం కింద చూస్తే పూత మీద పూత, పుస్తకంలో కాగితాల అంచుల్లా కనిపిస్తాయి. పైనుంచి అయిదో పూతలో సన్నటి నీలం గీత ఉంది. అది చూసి కాసేపు భూతద్దం పక్కన పెట్టేశాను. తాత చేయి అది, అవ్వా. ఎక్కడికీ పోలేదు.

తెల్ల పూతలు మూడుసార్లు లెక్కపెట్టాను. మూడుసార్లూ యాభై ఒకటే. మూడు వందలు కాదు. వాటి కింద తెలుపు లేదు. అంతా ఎరుపు. ఎర్రమట్టి పూతలు, పలచగా, ఒకదాని మీద ఒకటి. వంద దాటాక కలిసిపోయాయి, ఆపేశాను. తప్పు లెక్క కన్నా లెక్క లేకపోవడం మేలని నువ్వే రాశావు.

నీ పుస్తకం తీసి చూడు. మన ఇంట్లో ఎర్రమట్టి ఎవరు పూసేవాళ్ళు?

సున్నం తీయడానికి ఒప్పుకుంటే ఇనుము తాకించొద్దు. తడి గోనెగుడ్డ ఒక పూట కప్పి ఉంచి, వెదురు పుల్లతో అంచు నుంచి లేపాలి. పై ఎడమ మూలలో అరచేయంత చోటు ముట్టుకోకుండా వదిలెయ్. అక్కడ అన్ని పూతలూ ఉంటాయి, తాతదీ. ఎర్ర పూత జోలికి మాత్రం, అది ఎవరిదో తెలిసేదాకా, పోవద్దు.

ఇంద్రాణి


బెంగళూరు,
30 మే 2025.

అవ్వా,

నెల దాటింది. నీ ఉత్తరం లేదు. ఫోను చేస్తే "జ్వరమా?" అని అడిగి, కాదంటే పెట్టేశావు. కోపమైతే కోపమని రాయి. నాయన అంటాడు, నువ్వు రోజూ పొద్దున చేనికి పోతున్నావట, ఏం చేస్తున్నావో చెప్పవట.

ఇంద్రాణి


ముదిగుబ్బ,
15 జూన్ 2025, ఆదివారం.

ఇంద్రాణీ,

కోపం కాదు. రాయడానికి ముందు తెలుసుకోవలసినవి ఉన్నాయి.

నీ ఉత్తరం అందిన రోజే పుస్తకం తీశాను. 1965 నుంచి 2024 వరకు అరవై ఏళ్ళు. వాన లేక విత్తనం పడని ఏళ్ళు తొమ్మిది. తీసివేస్తే యాభై ఒకటి. నా చేతిరాతలోనే ఉంది. ఇన్నేళ్ళు ప్రతి పూతా రాసుకున్న దాన్ని ఒక్కసారి కూడా కూడి చూడలేదు.

తర్వాత పెట్టె తీసి చేను దస్తావేజు చదివాను. 1964 ఆగస్టు. అమ్మినది తిమ్మన్న. సంతకం చోట వేలిముద్ర. కొన్నది మా మామగారు. ఆ ఏడు వాన లేదని అత్తగారు చెప్పేది. ఇంతకు మించి రాయను, నీకు అర్థమవుతుంది. మనకు మూడు వందల ఏళ్ళ చేను లేదు, మూడు వందల ఏళ్ళ పుల్లన్న లేడు. మామగారు పుల్లన్న కథ ఎవరి దగ్గర విన్నాడో, తనే చెప్పుకున్నాడో తెలియదు. నేను టీచరునై ఉండి ఆ కథను పిల్లలకు, నీకు, రుజువులేకుండా చెప్పాను.

తిమ్మన్న కొడుకు నల్లప్ప. మన అక్కమ్మకు మామ. తాము అమ్మిన చేలోనే ఈ అరవై ఏళ్ళూ ఆ ఇంటివాళ్ళు పని చేస్తున్నారు. ఇదంతా నాకు విడివిడిగా తెలుసు. ఒకచోట పెట్టి చూడలేదు.

మే మూడో తేదీ పొద్దున వాళ్ళింటికి పోయాను. ఆ ఇంటి గోడకు కింద మూరెడు ఎత్తున ఎర్రమట్టి పూసి ఉంది. ఎన్నోసార్లు చూశాను. నల్లప్ప గడప దగ్గర కూచుని ఉన్నాడు. ఆ రాయి ఎవరిది నల్లప్పా అని అడిగాను.

"గొర్లాయనది," అన్నాడు. "మా తాతకి తాతో, ఆయనకి తాతో. చిరతపులి మందమీద పడితే నిలబడి సచ్చినాడంట. ఒగ గొర్రె గూడా పోలేదంట."

"ఇన్నేండ్లు ఎందుకు చెప్పలేదు?"

"మీరు పుల్లన్న అంటిరి. సున్నం పూస్తాంటిరి. మేం పూసేది మేం పూస్తాంటిమి. ఇంగ చెప్పేదేముండాది?"

మీరు పూసేది ఎక్కడ అన్నాను. అక్కమ్మ లోపల చాట కింద పెట్టి వచ్చింది. "ఎనకపక్కమ్మా. ముందరపక్క మీది గదా."

వెంటనే చేనికి పోయాను. వెనక నిలబడి చూశాను. ఫిబ్రవరిలో నీకు వానకు చిందిన మరకలని రాశాను. అవి మరకలు కావు. పైనుంచి కిందికి చేతివేళ్ళ గీతలు. నలభై తొమ్మిదేళ్ళు నేను ఆ రాయి ముందు నిలబడి సున్నం పూయించాను, పూశాను. ఆ కొలతల కోసం తప్ప ఒక్కసారి కూడా వెనకపక్కకు పోలేదు. తడిపిన పుల్లతో ఆ పూతను అంచున లేపి, నీ పాత భూతద్దంతో చూశాను. నా కళ్ళకు అందినంత మేర ముప్పయి దాకా లెక్కపెట్టాను, ఆపైన రాలేదు. అక్కమ్మను అడిగాను, వాన రాని ఏళ్ళు కూడా పూశారా అని.

"పూయకుంటే ఎట్ల? వాన రాకుంటే ఆయప్ప ఏం జేస్తాడమ్మా? ఆయన పని గొర్లు కాసేది. వాన గాదు."

నా పుస్తకంలో యాభై ఒకటి. వాళ్ళు పుస్తకం రాయలేదు. వాళ్ళవి అరవై.

సున్నం తీసేదానికి నల్లప్పను అడిగాను. చాలాసేపు బీడీ తాగాడు. "తియ్యండి. ముక్కు నిండా సున్నముంటే ఊపిరాడక సావాల ఆయప్ప," అన్నాడు. నువ్వు రాసినట్టే నేనూ అక్కమ్మా తడి గోనె కప్పి, వెదురు పుల్లలతో రోజుకు రెండు గంటలు, పంతొమ్మిది రోజులు తీశాం. ఎడమ మూల అరచేయంత వదిలాం. నా మోకాలు మడవదు కాబట్టి పై భాగం నాది, కింది భాగం అక్కమ్మది.

మొదట కింద కుక్క తోక బయటపడింది. అక్కమ్మ నవ్వింది. తర్వాత కుక్క. తర్వాత పాదం. ఇంద్రాణీ, ఆ పాదం చూడాలి నువ్వు. వెనక కాలి మడమ నేలలో దిగి ఉంది, మనిషి ఒక్క అంగుళం కూడా వెనక్కి పోనని నిలబడినట్టు. కత్తి లేదు. గుర్రం లేదు. చేతిలో ఒక కర్ర, భుజం మీద కంబళి మడత. ఎదుట చిరత, ఆయన కన్నా పెద్దది, ముందుకాళ్ళు గాలిలో. వెనక గొర్రెలు, ఒకదానిలో ఒకటి దూరినట్టు. పదకొండు. అందులో ఒకటి ఆయన రెండు కాళ్ళ మధ్య నుంచి తల బయట పెట్టి చిరతను చూస్తూ ఉంది. పైన ఇద్దరు దేవకన్యలు ఆయన్ను రెక్కలు పట్టుకుని తీసుకుపోతున్నారు. శిల్పి కుక్కను కూడా వదలలేదు, అదీ వాళ్ళ వెంట గాలిలో నడుస్తూ ఉంది. అన్నీ ఎర్రగా, ఇప్పుడే కడిగి పెట్టినట్టు ఉన్నాయి.

 నేను మూడు కోటలు ఎక్కాను. రాజులు నిలబడ్డ చోట నిలబడి చూశాను. నా చేలో, నేను రోజూ నడిచే దారి పక్కన, ఒక మనిషి ఒక కర్రతో నిలబడి ఉన్నాడు, నేను ఆయన ముఖం మీద సున్నం పూశాను. అక్కమ్మ మాత్రం ఆ మనిషిని చూసి తలగుడ్డ సర్దుకుంది, ఇంటికి పెద్దవాళ్ళొచ్చినట్టు.

మీ నాయనను పిలిపించాను. ముందు క్షమించమన్నాను. "ఇడిసిపెట్టుమా," అన్నాడు. తర్వాత రాయి చూపించి, "నువ్వడిగింది యుద్ధం. ఇది యుద్ధమా కాదా చెప్పు," అన్నాను. వాడు చెప్పులు విప్పి దగ్గరికి పోయి, వంగి, చాలాసేపు చూశాడు.

"చిరత పెద్దదేమా," అన్నాడు. ఆపైన, "ఎకరా వదిలెయ్యమని చెప్తాలే."

వదిలెయ్యడం కాదన్నాను. తొమ్మిదెకరాలకు సంతకం పెడతాను, రాయి ఉన్న ఎకరా, దానికి దారి, నల్లప్ప పేరున రిజిస్టరు చేయాలి. ఇది పుణ్యానికి ఇవ్వడం కాదు, దస్తావేజు సరిచేయడం. వాడు ఏదో అనబోయి, నా ముఖం చూసి సరేనన్నాడు. నల్లప్ప కృతజ్ఞతలేమీ చెప్పలేదు. "ఎకరాలో ఏం పండుతాదమ్మా ఈడ? దోవ మాత్రం రాయించు, మర్చిపోవద్దు," అన్నాడు. మొన్న సోమవారం రెండూ రాయించాను. నల్లప్ప వేలిముద్ర వేయలేదు. సంతకం చేశాడు, అక్షరం అక్షరం విడివిడిగా. నేర్పింది అక్కమ్మ.

నిన్న తొలి వాన పడింది. నా కొలత డబ్బాలో ముప్పయి ఒక్క మిల్లీమీటర్లు. ఈ పొద్దున చేనికి పోయేసరికి అక్కమ్మ తట్టలో ఎర్రమట్టి కలిపి నిలబడి ఉంది. నల్లప్పను ఎత్తుకొచ్చి కూచోబెట్టారు. ఆయనే మొదటి చేయి వేశాడు, ఈసారి ముందువైపు. తర్వాత అక్కమ్మ. నేను దూరంగా నిలబడ్డాను.

"ఏమమ్మా అట్ల నిలబడినావు?" అంది అక్కమ్మ. "నువ్వూ ఒగ చెయ్యి పూయి."

తట్టలో చేయి ముంచి, నేను వెనకపక్కకు పోయాను.

ఇంటికొచ్చి రెండుసార్లు సబ్బుతో కడిగాను. బొటనవేలి గీతల్లో ఎరుపు పోలేదు. ఈ కాగితం పట్టుకుని రాస్తుంటే కింద మూల వేలిముద్ర పడింది. తిరగరాయలేదు.

అవ్వ